పెద్ద కంపెనీకి చిన్న కంపెనీ అటాచ్‌మెంట్



మన పల్టన్‌కి సాపర్ల డిటాచ్‌మెంట్ అటాచ్ అయితే ఏం చేస్తాం? రేషను మనదే, హుకుం మన సీవో సాబ్‌దే. కానీ మైన్లు ఎలా తీయాలో వాళ్ళ నాయబ్ సుబేదారే చెబుతాడు. పెద్ద కంపెనీ స్టార్టప్‌తో పనిచేయడమూ అంతే.

నాగాస్త్ర-1 సంగతి చూడండి. నాగపూర్ సోలార్ గ్రూపుకు మందుగుండు తెలుసు, ఫ్యాక్టరీ ఉంది. ఎగిరే విద్య బెంగళూరులోని చిన్న కంపెనీ జెడ్‌మోషన్‌ది. పెద్దవాళ్ళు దాన్ని మింగేయలేదు, 45 శాతం వాటా మాత్రం తీసుకున్నారు. డ్రోన్ బరువు 9 కిలోలు. లక్ష్యం దొరక్కపోతే వెనక్కి పిలవొచ్చు, పారాచూట్‌తో దిగుతుంది. సైన్యం 480 అడిగింది, 2024 జూన్‌లో మొదటి 120 అందాయి.

మరి ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా పేమెంటు దగ్గరే. ఫైలు మూడు నెలలు నిద్రపోయినా పెద్ద ఆఫీసుకేం కాదు. పదిమంది కుర్రాళ్ళ కంపెనీలో జీతాలు ఆగుతాయి, పని తెలిసినవాడు వేరేచోటికి పోతాడు. 2006 ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం రిజిస్టరైన చిన్న కంపెనీకి 45 రోజులు దాటకుండా చెల్లించాలి, లేకుంటే వడ్డీ కట్టాలి. కానీ అడిగితే మళ్ళీ ఆర్డరు రాదేమోనని వాళ్ళు నోరు విప్పరు.

మనవాళ్ళు కొందరు రిటైరయ్యాక పెద్ద కంపెనీల స్టోర్స్‌లో, ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నారు. ట్రయల్‌లో ఏది ఫెయిలైందో అదే రోజు రాసివ్వండి సాబ్. "చూస్తాం" అని పంపితే వాళ్ళకి నెల పోతుంది.

జై హింద్.