ఇల్లు కట్టువారు – వాననీరు



ఇల్లు కట్టువాడు తన నేలకు యజమాని యగును గాని, దానిమీదినుండి పాఱు వాననీటికి యజమాని కాడు. పునాది త్రవ్వి పోసిన మన్ను ఒక్క జడివానకు కాలువబట్టి చెఱువు జేరును. బురదనీట వెలుతురు చొరక నీటిమొక్కలు నశించును. చేపగ్రుడ్లపై మేట వేయును.

దీనికి అమెరికాలో చేసిన కట్టుదిట్టమును నేడు విన్నవింతును. అచ్చటి 1972 నాటి స్వచ్ఛజల శాసనమునందు, 1987లో సవరణ మూలమున వాననీటినిగూర్చిన ఏర్పాటులు చేర్చిరి. 1990లో 5 ఎకరములు, అంతకు మించి నేల కదల్చువారికి పర్మిట్టు విధించిరి. 1999 నాటి నిబంధన ఆ హద్దును 1 ఎకరమునకు దింపెను. పావు ఎకరపు ఇంటిస్థలమైనను, పెద్ద లేఔటులో భాగమైనచో దీనికి లోబడవలసినదే.

మన్ను ఎటు పాఱునో, దాని నెట్లాపుదురో ముందే వ్రాసి యుంచవలెను. పల్లపువైపున గుడ్డతడిక కట్టవలెను. బండ్లు వెడలు దారిని కంకర పఱవవలెను. సిమెంటు కడిగిన నీటిని గుంటలో నిలుపవలెను. పని 14 దినములు ఆగుచోట గడ్డి విత్తి నేల కప్పవలెను.

ఇది గృహస్థునకు భారము గాదా యందురేమో. భారమే. కాని అతడు మోయనిచో దిగువవారు మోయుదురు. పూడిక ఎచ్చటినుండి వచ్చినను, తీయుటకు ప్రజాధనమే వలయును. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేర నారంభించిన చెఱువుల పూడికతీత అట్టిదే గదా! కావున నాకిది న్యాయముగనే తోచుచున్నది.

గ్రామపెద్దలారా, మీ యూర ఇల్లు కట్టువానితో ఒక్కమాట చెప్పుడు: తొలకరికి ముందే మన్నుకుప్పను కప్పి, దిగువను చిన్న గట్టు వేయుమని. ఇందులకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.