ఎఱ్ఱదీపము ముందు మోటారుసైకిలు



మా ముదిగొండనుండి ఖమ్మమునకు పోవు బాటలో నేడు ఎడ్లబండి కనబడుటయే అరుదు. పాలు పోయువాడు, పురుగుమందు తెచ్చుకొను రైతు, బడికి పోవు ఉపాధ్యాయుడు, ఆసుపత్రికి పోవు ముసలమ్మ, అందఱును మోటారుసైకిలుపైననే. కావున ఆ వాహనమునకును కూడలిలోని దీపమునకును నడుమ గల యొక చిక్కును గూర్చి మీతో ముచ్చటించుట అప్రస్తుతము కాదని తలచుచున్నాను. ఈ చిక్కు నాకు మన ప్రాంతమున తెలియలేదు. సముద్రము దాటిన పిమ్మట తెలిసినది.

కొన్నియేండ్ల క్రిందట అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న నా కుమారునియొద్దకు పోయితిని. ఒకనాడు తెల్లవారుజామున వాడు నన్ను వెనుక కూర్చుండబెట్టుకొని మోటారుసైకిలుపై బయలుదేఱెను. ఒక కూడలిలో మేము ఎడమకు తిరుగవలసి యుండెను. అట్లు తిరుగువారికి అచ్చట వేఱొక దీపము కలదు. అది ఎఱ్ఱగా నుండెను. ఆగితిమి. తక్కిన దిక్కులవారికి పచ్చదీపము వెలిగెను, ఆఱెను. మా వంతు వచ్చునని చూచితిమి. రాలేదు. మఱల తక్కినవారి వంతులు తిరిగెను. మమ్ము దాటవేసి పోయెను. ఇట్లు మూడుమాఱులు జరిగెను.

బాటపై నరసంచారము లేదు. కుమారుడు వెనుకకు తిరిగి, "నాన్నగారూ, ఎవ్వరును లేరు గదా, పోనిమ్మందురా?" అని యడిగెను. నేను ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలకు ఎఱ్ఱదీపము కడ ఆగవలెనని చెప్పినవాడను. ఎవ్వరును చూడనపుడు దాటవచ్చునని ఏనాడును చెప్పలేదు. "వలదు నాయనా, ఆగుదము" అంటిని. ఇంతలో మా వెనుక ఒక కారు వచ్చి నిలిచెను. కొలదిసేపటిలో పచ్చదీపము వెలిగెను!

శ్రోతలారా, ఆ పచ్చదీపము నాకు సంతోషమును గూర్పలేదు. కచేరీ వాకిట ప్రొద్దుటినుండి నిలిచియున్న పేదరైతును పలుకరింపని జవాను, ధనికుడొకడు రాగానే తలుపు తెఱచినట్లు తోచినది. మేము నిలిచియుంటిమి, నియమమును పాటించితిమి, అయినను ఆ యంత్రము దృష్టిలో మేము లేము. ఎందువలన? ఇల్లు చేరిన పిమ్మట కుమారునిచే ఆ యంత్రమర్మమును చెప్పించుకొంటిని.

కొన్ని కూడళ్లలో దీపములు గడియారమును మాత్రమే నమ్మి మాఱును. అచ్చట ఎవరున్నను లేకున్నను వంతు వచ్చును. మఱికొన్నిచోట్ల వాహనము వచ్చినదా లేదా యని తెలిసికొని మాఱును. 1930 తరువాతి దశకమున లండనులో చక్రముల ఒత్తిడినిబట్టి తెలిసికొను పలకలను బాటలో అమర్చిరి. నేటికిని అనేకులు యంత్రము బరువును చూచుచున్నదని భావింతురు. అది పొరపాటు. 1960 నాటినుండి వ్యాపించిన పద్ధతి వేఱు. బాటను రంపముతో సన్నగా కోసి, రమారమి ఆఱడుగుల చదరముగా తీగను కొన్ని చుట్లు చుట్టి పూడ్తురు. ఆ తీగలో క్షణమునకు వేలకొలది మాఱులు దిశ మార్చుకొను విద్యుత్తు పాఱుచుండును. దానివలన తీగ చుట్టును అయస్కాంతబలము ఆవరించియుండును. ఆ బలములోనికి లోహము వచ్చినపుడు, లోహములో సుడి తిరుగు విద్యుత్తులు పుట్టి, తీగయొక్క బలమును కొంత తగ్గించును. ఆ మార్పును పెట్టెలోని యంత్రము కనిపెట్టి, వాహనము వచ్చినదని గ్రహించును. ఇట్లు విద్యుత్తు పుట్టు ధర్మమును 1831లో కనుగొన్న మైకేల్ ఫారడే తొలుత పుస్తకములకు అట్టలు కుట్టు పనివాడు. విద్య ఎచ్చటనుండి వచ్చునో చూచితిరా!

కారు అడుగుభాగము వెడల్పైన లోహపు పలకవంటిది. అది తీగచుట్టునంతయు కప్పును. మోటారుసైకిలు అట్టిది కాదు. దాని చక్రము నిలువుగా నుండును. మీరు ధాన్యమును తూర్పాఱబట్టునపుడు చేటను గాలికి అడ్డముగా పట్టిన గాలి తగులును. అంచును గాలివైపు త్రిప్పిన గాలి జాఱిపోవును. ఇచ్చటను అంతే. తీగచుట్టు నడుమ అయస్కాంతబలము నేలనుండి నిలువుగా లేచును. నిలువు చక్రమునకు అది ఇంచుమించు తగులదు. తీగకు సరిగా పైన ఆ బలము అడ్డముగా ప్రసరించును. అచ్చట చక్రము చేటవలె దానిని పట్టుకొనును. కావున మోటారుసైకిలువాడు చదరపు నడుమ నిలువరాదు. బాట పొడవునకు పోవు కోతగీతపై రెండు చక్రములను నిలుపవలెను. గీతను మించి ముందునకు జరిగినను, ఇంజనును హోరెత్తించినను ఫలము లేదు.

కొందఱు బండి క్రింద అయస్కాంతపు ముక్కను కట్టుకొన్న దీపము మాఱునని నమ్మి, వానిని కొనుచున్నారు. వైశేషికదర్శనములో అయస్కాంతమువైపు సూది కదలుటకు కారణము అదృష్టమని, అనగా కంటికి కనబడనిదని చెప్పిరి. కనబడని కారణమని యొప్పుకొనుట జ్ఞానమే. కారణము తెలిసిన పిమ్మటను అదృష్టమును నమ్ముట మాత్రము అవివేకము. యంత్రము వెదకునది అయస్కాంతమును గాదు, విద్యుత్తును ప్రవహింపజేయు లోహమును. అల్యూమినియము చక్రమైనను చాలును.

మఱునాడు అదే కూడలిలో కుమారుడు బండిని గీతపై నిలిపెను. ఆనాడు మా వెనుక కారు లేదు. అయినను మా వంతు వచ్చెను, పచ్చదీపము వెలిగెను.

అయితే నేరమంతయు గీతపై నిలువనివానిదేనా? కాదు. ఆ యంత్రమునకు సున్నితత్వమును పెంచు మీట కలదు. తీగను వేఱువిధముగా చుట్టి చిన్న వాహనమును సైతము పసిగట్టవచ్చును. అమెరికాలో కొన్ని రాష్ట్రములు, దీపము ఎంతకును మాఱనిచో మోటారుసైకిలువాడు జాగ్రత్తగా చూచుకొని దాటవచ్చునని అనుమతి నిచ్చినవి. కాలిఫోర్నియా 2007లో చేసిన శాసనము వేఱొక మార్గమును పట్టినది. వాహనమును పసిగట్టి మాఱు దీపములను క్రొత్తగా అమర్చునపుడు, అవి సైకిలును మోటారుసైకిలును గుర్తింపవలెనని విధించినది. నాకు ఈ రెండవ మార్గమే మేలని తోచును. మొదటిది నియమమును మీఱుటకు సెలవిచ్చును. రెండవది నియమమును పాటించువానిని గౌరవించును.

మన దేశమున నమోదైన వాహనములలో నాలుగింట మూడువంతులకు చేరువగా ద్విచక్రములే. అవి వరుసలో నిలువవు. సందు దొఱకినచోటనెల్ల దూఱును. కావున తీగచుట్టు మనకు అంతగా నప్పదు. కెమేరా కన్నులు మేలు. తిరువనంతపురములోని సీడాక్ సంస్థ మనవంటి కలగాపులగపు రాకపోకలకై కోసికాస్ట్ అను దీపవిధానమును రూపొందించినది. పద్ధతి యేదైనను కొలమానము ఒక్కటే కావలెను: లారీని చూచుట గొప్ప కాదు, చిన్నబండిని చూచుటయే గొప్ప.

మీ మనుమలకు ఒక్కమాట చెప్పుడు. మన దేశమున ఎఱ్ఱదీపమును దాటుట 2019 నాటి చట్టసవరణ ప్రకారము అపాయకరమైన నడపుటగా ఎంచబడును. దీపము మాఱకున్న దాటుట గాక, పోలీసువాని చేసైగను చూడవలెను; చెడిన దీపమును గూర్చి అధికారులకు వ్రాయవలెను. అట్లే అధికారులకును ఒక మనవి: ఆగినవానిని చూడని దీపము, రేపు వానిని ఆగనీయదు. పాలకుండతో తెల్లవాఱకముందే వచ్చి నిలిచినవానికి కూడ తన వంతు వచ్చునన్న నమ్మకము కలిగింపుడు. ఆ నమ్మకమే కూడలిని కాపాడును.

సెలవు.