ఫీజు కడితే సరిపోదు
(జి. కొండూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నూజివీడు మామిడి పేరు తెలియని వాళ్ళు లేరు. ఆ తోటల్లో కూలికి పోయే తల్లికి నడవలేని కూతురుందనీ, ఆ అమ్మాయి స్కాలర్‌షిప్‌తో లా చివరి సంవత్సరానికి వచ్చిందనీ అనుకోండి. “ఇంకేం, గట్టెక్కినట్లే” అంటాం. నిజానికి అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

లా చదువులో నాలుగు ప్రాక్టికల్ పేపర్లు తప్పనిసరి. కోర్టుకెళ్ళి విచారణలు చూడాలి, దావాలు రాయడం నేర్చుకోవాలి. ఇంటర్న్‌షిప్ మూడేళ్ళ కోర్సులో 12 వారాలు, ఐదేళ్ళ కోర్సులో 20 వారాలు చెయ్యాలి. ఇక్కడినుంచి ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ కోర్టుకు చేరడానికి ఆమె బస్సు ఎక్కగలగాలి, దిగాక ఆటో కావాలి, ఆపైన కోర్టు మెట్లు, మరుగుదొడ్డి సమస్య. తోడుగా తల్లి వెళితే ఆ రోజు కూలి పోతుంది. స్కాలర్‌షిప్ లెక్కలో ఫీజు ఉంటుంది గానీ ఈ కూలి ఉండదు.

ఇది జాలితో తీరే విషయం కాదు, హక్కుల విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లివ్వాలి. లా కాలేజీల్లో సీట్ల గురించి 2006లో వేసిన పిటిషన్‌పై 2017 డిసెంబరు 15న తీర్పిస్తూ, సీట్లతోపాటు భవనాలూ బోధనా అందుబాటులో ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది.

వికలాంగ స్త్రీలు లాయర్లు కావడం మనందరికీ ఎందుకు అవసరం? మన రాష్ట్రానికి చెందిన పటాన్ జమాల్ వలి కేసు చూడండి. అంధురాలైన దళిత యువతిపై జరిగిన అత్యాచారమది. కులం, జెండర్, వైకల్యం కలిసి స్త్రీని ఎలా అణచివేస్తాయో 2021 ఏప్రిల్ 27 నాటి తీర్పులో సుప్రీంకోర్టు వివరంగా రాసింది. వైకల్యం ఉన్న స్త్రీ సాక్ష్యాన్ని తక్కువగా చూడకూడదంది. అత్యాచారానికి విధించిన శిక్షను ఖాయం చేసింది. కానీ కులం కారణంగానే నేరం జరిగిందనడానికి రికార్డులో సాక్ష్యం లేదంటూ అట్రాసిటీ చట్టం కింద శిక్షను కొట్టేసింది. ఆ సాక్ష్యాన్ని మొదటి రోజునుంచీ అడిగి రాయించగల లాయర్లు మనకు కావాలి.

చదువయ్యాక ఏమిటి? ఎన్‌రోల్‌మెంటుకు జనరల్ వారినుంచి 750, ఎస్సీ, ఎస్టీలనుంచి 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. చూపులేదన్న కారణంతో జడ్జి ఉద్యోగానికి అనర్హులనకూడదని 2025 మార్చి 3న తీర్పిచ్చింది. అదే ఏడాది మే 20న మరో తీర్పులో జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలంది. సరైన రాబడి లేని జూనియర్‌గా మూడేళ్ళు గడపడం కూలి తల్లి కూతురికి ఎలా సాధ్యం?

అందుకే మన సంఘాలను మూడు అడుగుతున్నాను. స్కాలర్‌షిప్ ఇచ్చేముందు ఏం కావాలో ఆ అమ్మాయినే అడగండి. ప్రయాణం, తోడు మనిషి కూలి, అవసరమైతే పరీక్ష రాసిపెట్టే మనిషి ఖర్చూ లెక్కలో చేర్చండి. పట్టా చేతికొచ్చిన రోజున సాయం ఆపకుండా ప్రాక్టీసులో నిలదొక్కుకునేదాకా కొనసాగించండి. ఈ రోజు తీర్మానాల్లో ఈ మూడూ ఉండాలని కోరుతున్నాను.