డిపెండెంటు వీసా: భార్య చేతిలో ఉండవలసిన కాగితాలు

(మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కాపురంలో కూచుని వీసాల గురించి మాట్లాడుకోవడం ఏమిటని పొద్దున ఒకరిద్దరు అడిగారు. నీళ్ళలో ఫ్లోరైడు, కరువు, పడిపోయిన పలకల పరిశ్రమ, వలసలు - మన సమస్యలు ఇవి కదా అన్నారు. నిజమే. కానీ ఈ కరువు నేల మీదనుంచే చదువుకున్న పిల్లలు హైదరాబాదుకీ బెంగుళూరుకీ, అక్కణ్ణించి అమెరికాకీ వెళ్ళారు. వాళ్ళకి సంబంధాలు ఇక్కడే చూస్తున్నారు. తర్లుపాడులోనో బేస్తవారిపేటలోనో ఉన్న రెండెకరాలు అమ్మి "అమెరికా సంబంధం" చేసే తండ్రులు మనకి తెలుసు. అబ్బాయి రెండు మూడు వారాల సెలవు మీద వస్తాడు, పెళ్ళవుతుంది, వెళ్ళిపోతాడు. "వీసా రాగానే తీసుకెళ్తాడు" అంటారు. ఆ 'రాగానే' అనే మాట దగ్గర మన పని మొదలవుతుంది.

వీసా ఆలస్యమైందా, లేక అసలు దరఖాస్తే పెట్టలేదా? అమ్మాయికి తెలియదు, తండ్రికి తెలియదు. ఫారాలు నింపేది భర్త, డబ్బు కట్టేది భర్త, రసీదు నంబరు భర్త దగ్గర. అడిగితే "నీకు అర్థం కాదులే" అంటాడు. అంచేత ముందు కొంచెం అర్థం చేసుకుందాం.

అమెరికా విషయమే తీసుకుంటే 'భార్య వీసా' అని ఒకే వీసా లేదు. భర్త ఏ హోదాలో ఉన్నాడన్న దాన్ని బట్టి భార్య హోదా మారుతుంది. హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాడి భార్యకి హెచ్-4. చదువుకోటానికి వెళ్ళినవాడి భార్యకి ఎఫ్-2. ఆమె ఉద్యోగం చేయకూడదు, పూర్తికాలపు డిగ్రీ కూడా చదవకూడదు. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే ఐ-130 అనే పిటిషను వేయాలి. పౌరుడి భార్యకి సంఖ్యా పరిమితి లేదు, గ్రీన్‌కార్డువాడి భార్య వరసలో నిలబడాలి. కాబట్టి పెళ్ళిచూపుల్లో "జీతమెంత" అని అడిగేముందు "మీరు ఏ వీసా మీద ఉన్నారు, ఆ కాగితం చూపిస్తారా" అని అడగమనండి. కట్నం లెక్క నయాపైసలతో సహా మాట్లాడుకునే పెద్దమనుషులు ఈ ప్రశ్న అడగటానికి మాత్రం మొహమాటపడతారు!

హెచ్-4 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువమంది పోయేది దానిమీదే. దాన్ని 'డిపెండెంటు' వీసా అంటారు. పేరు చాలా నిజాయితీగా పెట్టారు. ఆమె అక్కడ ఉండే హక్కు మొత్తం భర్త ఉద్యోగానికీ, ఆ పెళ్ళికీ కట్టి ఉంటుంది. అతని ఉద్యోగం పోతే ఆమె హోదా పోతుంది. విడాకులైతే ఆమె హోదా పోతుంది. 2015 మే 26 వరకూ హెచ్-4 మీద ఉన్న ఏ స్త్రీకీ ఉద్యోగం చేసుకునే అనుమతి లేదు. ఆ రోజునుంచి కొందరికి ఇచ్చారు: భర్త గ్రీన్‌కార్డు పిటిషను ఒక దశ దాటి ఉంటేనే. 2017 డిసెంబరు దాకా అలా కొత్తగా అనుమతి పొందిన 90,946 మందిలో నూటికి 93 మంది స్త్రీలు, నూటికి 93 మంది భారతదేశంలో పుట్టినవాళ్ళు. ఇంజనీరింగులూ ఎమ్‌సీఏలూ చదివి వంటింట్లో కూచున్నవాళ్ళు వీళ్ళంతా. ఈ అనుమతి చెల్లదని అక్కడి ఉద్యోగుల సంఘం ఒకటి కోర్టుకి వెళ్ళింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు అనుమతిని నిలబెట్టింది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా మొదలుకాని కొత్త పెళ్ళికూతురికి మాత్రం ఇది వర్తించదు. "అక్కడికెళ్ళి ఉద్యోగం చేసుకుంటుందిలే" అని చెప్పే మధ్యవర్తి మాట నమ్మకండి.

ఇక కాగితాల సంగతి. అన్నిటికంటే ముందు పెళ్ళి రిజిస్ట్రేషను. మన రాష్ట్రంలో 2002లోనే వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు దేశమంతా, అన్ని మతాలవాళ్ళూ నమోదు చేయించాలని చెప్పింది. అయినా వీసా కావలసి వచ్చినప్పుడే మనవాళ్ళకి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుర్తొస్తుంది. అబ్బాయి సెలవు అయిపోయి వెళ్ళిపోయాక రిజిస్ట్రేషను చాలా కష్టం. పెళ్ళయిన మరుసటి రోజే, సత్యనారాయణ వ్రతానికి ముందే, ఇద్దర్నీ తీసుకెళ్ళి చేయించండి. గుళ్ళో ఇచ్చిన రసీదు, కల్యాణమంటపం బిల్లు దీనికి బదులు కావు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వీసా తొందరలో పెళ్ళి తంతు జరక్కముందే కాగితం తెచ్చుకుంటున్నారు. నిశ్చితార్థం అయింది, ముహూర్తం ఆర్నెల్ల తర్వాత, ఈలోగా రిజిస్ట్రేషను చేస్తే వీసాకి పెట్టొచ్చు అంటారు. 2024లో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది: హిందూ వివాహ చట్టం కింద సంప్రదాయ తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్టు వల్ల పెళ్ళి అయినట్టు కాదు. రేపు అతను "అసలు పెళ్ళే కాలేదు" అంటే ఆ అమ్మాయికి భార్య హక్కులు దక్కవు. తొందరగా కాగితం కావాలనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల నోటీసు ఇచ్చి పెళ్ళే అక్కడ చేసుకోవచ్చు.

మన ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి, ముఖ్యంగా దళిత కుటుంబాలు. ఈ విషయం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చేయటానికి అధికారం ఉన్న గురువో, లైసెన్సు ఉన్న పాస్టరో చేయాలి. ఊళ్ళో సొంతంగా సంఘం నడుపుకునే పాస్టరుగారు మంచివారే కావచ్చు, ఆయనకి లైసెన్సు లేకపోతే ఆ సర్టిఫికెట్టు కాన్సులేటు దగ్గర నిలబడదు. పెళ్ళికి ముందే మర్యాదగా అడగండి. ముస్లిం సోదరీమణులు నికానామా అసలు ప్రతి ఒకటి తమ దగ్గర ఉంచుకోవాలి, మెహర్ మొత్తం అందులో రాయించుకోవాలి.

పేర్ల గొడవ ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో వెనకా ముందూ! పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. మార్చకండి. చదువు సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతో ఉన్నప్పుడు పాస్‌పోర్టులో అత్తింటి పేరు పెట్టించుకుంటే తర్వాత తిప్పలు ఆమెవే.

వీసా ఇంటర్వ్యూ సంగతి. 2009కి ముందు మనవాళ్ళు రాత్రంతా ప్రయాణం చేసి మద్రాసు పోయేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాదులోనే అమెరికా కాన్సులేటు ఉంది. దోర్నాల, శ్రీశైలం ఘాటు మీదుగా పోవచ్చు. అక్కడ అడిగే ప్రశ్నలకి భయపడక్కర్లేదు: అతను ఏం చేస్తాడు, ఎక్కడ ఉంటాడు, పెళ్ళి ఎలా కుదిరింది, ఎంతమంది వచ్చారు. నాలుగుసార్లు కూడా మాట్లాడుకోని పెళ్ళి అయితే అమ్మాయి తడబడుతుంది. అది అమ్మాయి తప్పు కాదు, మనం చేసే పెళ్ళిళ్ళ తీరు అది. పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, ఇద్దరూ మాట్లాడుకున్న మెసేజీలు దాచి ఉంచుకోమనండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామని, అవి అందరికీ కనబడేలా పెట్టాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆడపిల్లల ఫోటోలు అందరికీ తెరిచిపెట్టమనడం ఎంత ప్రమాదమో మనకి తెలుసు. అందుకని దరఖాస్తుకి ముందే వాటిలో ఏం ఉంచాలో, ఏం తీసెయ్యాలో అమ్మాయే కూచుని చూసుకోవాలి.

భార్యలుగా దేశం దాటే స్త్రీలని అనుమానించడం కొత్తది కాదు. 1979 జనవరిలో పెళ్ళి చేసుకోటానికి లండను వెళ్ళిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయినికి హీత్రో విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. పత్రికలో బయటపడి గొడవయ్యాక ఆపారు. 2011లో పాత ప్రభుత్వ ఫైళ్ళు తిరగేసిన పరిశోధకులు ఇలాంటివి కనీసం 80 జరిగాయని తేల్చారు. వాటిలో చాలా వరకు భారతదేశంలోని బ్రిటిషు కార్యాలయాల్లో జరిగినవే. అదే బ్రిటన్‌లో, భర్త కొట్టినా ఏడాదిపాటు కలిసి ఉండకపోతే దేశం నుంచి పంపేస్తామనే నిబంధన మీద సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఏళ్ళ తరబడి పోరాడితే 1999లో మొదటి సడలింపు వచ్చింది. ఇప్పుడు హింసకి గురైన భార్య స్వతంత్రంగా శాశ్వత నివాసం అడగవచ్చు. ఆ హక్కు పోరాడి తెచ్చింది మనలాంటి చిన్న సంఘమే. డబ్బు గోడ మాత్రం పెరిగింది: 2012లో భర్త ఏడాది ఆదాయం 18,600 పౌండ్లు ఉండాలన్నారు, 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 పౌండ్లు. కువైటు సంగతీ అంతే. 2024 జనవరిలో కుటుంబ వీసాలు మళ్ళీ తెరిచినప్పుడు నెలజీతం కనీసం 800 దినార్లు ఉండాలన్నారు. డ్రైవరుగానో కూలీగానో వెళ్ళినవాడి భార్యకి వీసా ప్రశ్నే లేదు. ఆమె ఇక్కడే ఉంటుంది, ఆమె గురించి ఎవరూ సెమినార్లు పెట్టరు.

అమెరికాలో హింస ఎదురైతే ఏమిటి? భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే 1994 నాటి స్త్రీలపై హింస నిరోధక చట్టం కింద భార్య అతని సంతకం లేకుండా తానే పిటిషను వేసుకోవచ్చు. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా వెళితే మొదట రెండేళ్ళ షరతుల గ్రీన్‌కార్డు ఇస్తారు. ఆ షరతులు తీయించటానికి ఇద్దరూ సంతకం చేయాలి, కానీ హింస ఉంటే ఆమె ఒక్కతే అడగవచ్చు. హెచ్-4 వాళ్ళకి ఇంత రక్షణ లేదు. హింస రుజువైతే పని చేసుకునే అనుమతి అడగవచ్చు, 2017 నుంచి ఆ దరఖాస్తులు తీసుకుంటున్నారు. కొన్ని నేరాల బాధితులు పోలీసులకి సహకరిస్తే యు-వీసా అడగవచ్చు, అయితే దానికి వరస చాలా పొడుగు. భర్త పాస్‌పోర్టు లాక్కుంటే భయపడొద్దు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, భర్త ఆస్తి కాదు. దగ్గర్లోని భారత కాన్సులేటుకి చెప్పాలి. వదిలివేయబడిన భార్యలకి న్యాయసహాయం కోసం కేసుకి 4,000 డాలర్ల దాకా విదేశాంగ శాఖ ఇచ్చే పథకం కూడా ఉంది.

వెళ్ళేముందు అమ్మాయి తన పాస్‌పోర్టు, వీసా పేజీ, పెళ్ళి సర్టిఫికెట్టు, భర్త పిటిషను ఆమోదించిన కాగితం, రసీదు నంబర్లు, అతని కంపెనీ పేరు, అక్కడి చిరునామా అన్నిటి ఫోటోలు తీసి తల్లికో చెల్లెలికో ఇచ్చి వెళ్ళాలి. నగలు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా రాసి ఉంచాలి.

ఇక్కడి చట్టం గురించి. రెండు తీర్పుల తేదీలు రాసుకోండి. పేర్లు చెప్పను, ఏ లాయరైనా తేదీ చూసి వెతికి తీస్తారు. మొదటిది 1991 జూలై 9. తిరుపతిలో పెళ్ళయిన తెలుగు జంట. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇక్కడికొచ్చి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది: పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీదే విడాకులు ఉండాలి, లేదా భార్య మనస్ఫూర్తిగా ఆ కోర్టుకి ఒప్పుకుని ఉండాలి. కనుక అక్కడి కోర్టు నోటీసు వస్తే చించి పారేయొద్దు, సంతకం పెట్టి పంపొద్దు. "మీ కోర్టు అధికారం నేను ఒప్పుకోను" అని లాయరు ద్వారా జవాబు పంపాలి.

రెండోది 2011 సెప్టెంబరు 2. ఇది అప్పటి మన ప్రకాశం జిల్లాదే. భర్తతో బోట్స్‌వానా వెళ్ళిన అమ్మాయి అక్కణ్ణించే ఒంగోలు ఎస్పీకి ఫిర్యాదు పంపింది. మేదరమెట్ల స్టేషనులో కేసు పెట్టారు, అద్దంకి కోర్టులో ఛార్జిషీటు వేశారు. విదేశంలో జరిగిన వేధింపు మీద విచారణ నడపాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, అయితే ఇక్కడ తీసుకున్న కట్నం మీద కేసుకి ఏ అనుమతీ అక్కర్లేదు అని సుప్రీంకోర్టు తేల్చింది. దీన్నుంచి మనకి అర్థమయ్యేది, ఫిర్యాదులో ఇక్కడ జరిగినవి, అక్కడ జరిగినవి విడివిడిగా తేదీలతో రాయాలి. పుట్టింటికి తిరిగొచ్చిన స్త్రీ ఆశ్రయం పొందిన చోటే వేధింపు కేసు పెట్టవచ్చని 2019 ఏప్రిల్ 9న ఇంకో తీర్పు కూడా ఉంది. స్టేషనులో "ఇది మా పరిధి కాదు" అంటే ఆ తేదీ చెప్పండి. 498-ఎ సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 అయింది, మనోవర్తి 125 కాస్తా నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది.

ఎన్నారై పెళ్ళిళ్ళకి ప్రత్యేక చట్టం చేయమని సుప్రీంకోర్టు 1994లోనే సూచించింది. 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో బిల్లు పెట్టారు, పెళ్ళయిన 30 రోజుల్లో నమోదు, లేకపోతే పాస్‌పోర్టు జప్తు అని. అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషను 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలని మళ్ళీ చెప్పింది. కాలం గడుస్తోంది, పెళ్ళిళ్ళు జరుగుతూనే ఉన్నాయి. అందాకా జాతీయ మహిళా కమిషనులో 2009 నుంచి ఉన్న ఎన్నారై విభాగానికి ఫిర్యాదు పంపవచ్చు.

కాగితాల జాబితా తెలుగులో రాసి వెనక బల్ల మీద పెట్టాం. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల నుంచి వచ్చినవాళ్ళు మీ ఊళ్ళో పెళ్ళయి ఏడాది దాటినా వీసా రాని అమ్మాయిలు ఉంటే భోజనాల తర్వాత నాతో కూచోండి. ముందు రసీదు నంబరు ఉందో లేదో కనుక్కుందాం.