నచ్చిన వీడియో, తీసినవారి పేరు

అంతర్జాలంలో తమకు నచ్చిన వీడియోను నలుగురికీ పంపి నవ్వించడం, కొత్త ఆలోచన పుట్టించడం నేడు పటేల్‌గూడ ఇళ్లలోనూ పటాన్‌చెరు కర్మాగారాల విరామవేళల్లోనూ మామూలే అయినప్పటికీ, ఈ ఊళ్లున్న సంగారెడ్డి జిల్లాలో వీడియోకు అంతకంటె పాత చరిత్ర ఉంది. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో, చదువు అంతగా లేని దళిత మహిళా రైతులు కెమెరా చేతబట్టి, 2005లో యూట్యూబ్ పుట్టకముందే తమ విత్తనాల గురించి, పంటల గురించి చిత్రాలు తీశారు. తమ కథను తామే చెప్పుకోగలమని నిరూపించిన ఆ స్త్రీల కృషి నేటి వీడియో నిర్మాతలందరూ తెలుసుకోదగినది.

వినోదం విషయానికి వస్తే, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో ప్రారంభించిన ‘మై విలేజ్ షో’ అనే ఛానల్, అంటే ఒక నిర్మాత వీడియోలన్నీ ఒకచోట చేరే అంతర్జాల వేదిక, పల్లె యాసనే బలంగా చేసుకొని గంగవ్వను తెలుగువారందరికీ పరిచయం చేసింది. వ్యవసాయ కూలీగా బతికిన ఆమె 2020లో బిగ్‌బాస్ అనే టీవీ కార్యక్రమం తెలుగు నాలుగో సీజన్‌లో కూడా పాల్గొన్నది.

ఇటువంటి వాటిని పంచుకొనేటప్పుడు లింకు, అంటే మూల వీడియోకు దారి చూపే చిరునామా, పంపితే చూసినవారి లెక్క నిర్మాతకే చేరుతుంది. దించుకొన్న ప్రతిని వాట్సాప్‌లో పంపితే ఆ లెక్క చేరకపోగా, చేతులు మారేకొద్దీ తీసినవారి పేరూ మరుగున పడుతుంది. కనుక శ్రోతలు నచ్చిన వీడియోను మూల లింకుతోనే పంపాలని మనవి.