పాట కింద పేరు

(డప్పు కళాకారుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి డప్పు కొట్టి కొట్టి మీ చేతులు మంటలెత్తి ఉంటాయి. ఇప్పుడు నేను ఉపన్యాసం దంచితే వినే ఓపిక మీకుండదు. అందుకే ఒక పాటగాడి సంగతి చెప్తాను. అరివు అని తమిళ కుర్రాడు. మీలో ఫోనున్న పిల్లలు చాలామంది 2021లో అతని పాటకి ఎగిరే ఉంటారు. 'ఎంజాయ్ ఎంజామి' పాట. అది రాసిందెవర్రా అంటే మాత్రం "ఎవరో అమ్మాయి పాడింది గదన్నా" అంటారు. కథంతా అక్కడే ఉంది.

అరివుది అరక్కోణం. మన పుత్తూరు, నగరి దాటితే వచ్చే ఊరే. దళిత కుటుంబం. వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో, ఆ ముసలామె సిలోను తేయాకు తోటల్లో కూలి చేసి వచ్చిన మనిషి. ఈ తోటల సంగతి కొంచెం చెప్పాలి. తెల్లదొరలు తమిళ దేశం నుంచి కూలీలను ఓడలెక్కించి అక్కడికి తోలారు. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి కులాలవాళ్ళే. అడవి కొట్టి తోటలు వేసింది వాళ్ళు. 1948లో సిలోనుకు స్వతంత్రం వచ్చింది, అదే ఏడు చట్టం చేసి ఆ కూలీల్లో అత్యధికులకి పౌరసత్వం లేకుండా చేశారు. 1964లో మన శాస్త్రిగారూ, వాళ్ళ సిరిమావో గారూ కూర్చుని 5,25,000 మంది మీకు, 3,00,000 మంది మాకు అని పంచుకున్నారు. సంతలో గొడ్లను పంచుకున్నట్టే. మీరెక్కడుంటారని ఆ జనాన్ని అడిగిన నాథుడు లేడు. అట్లా తిరిగొచ్చిన ముసలమ్మలు చెప్పిన మాటలే మనవడి పాటలయినయ్.

అరివు ఇంజినీరింగు చదివాడు. చదువుతూ కవిత్వం రాసేవాడు. 2017లో సినిమా డైరెక్టరు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి ఒక బ్యాండు కట్టారు. పేరు 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్', అంటే కులం లేనోళ్ళ జట్టు. బాబాసాహెబ్ కంటే ముందే తమిళ దేశంలో మనకు కులం లేదు పొమ్మన్న అయోతిదాసు పండితుడి మాటలోంచి తీసుకున్న పేరది. 2018 జనవరిలో మద్రాసులో మొదటి కచేరీ, 19 మంది వేదిక మీద. ఉత్తర మద్రాసు వాడల్లో చావింటి దగ్గర పాడే గానా పాటని, పరై డప్పుని తెచ్చి గిటారు పక్కన నిలబెట్టారు. చావుకి తప్ప పనికిరాదన్న డప్పు అది! రిజర్వేషన్ల మీద పాడారు, గొడ్డుమాంసం మీద పాడారు, అంబేద్కర్ మీద పాడారు. ఇసైవాణి అనే చెల్లెలు మగవాళ్ళే పాడే గానాని పాడి నిలబడింది. ఈ జట్టులోనే అరివు గొంతు జనానికి తెలిసింది.

ఆ తర్వాత 2018లో రజనీకాంత్ 'కాలా'కి పాట రాశాడు. 2019లో 'తెరుక్కురల్' అని సొంత ఆల్బం తెచ్చాడు. తిరుక్కురళ్‌ని వీధిలోకి లాగినట్టుంది ఆ పేరు, నాకు భలే నచ్చింది. 2021లో విజయ్ 'మాస్టర్'లో పాడాడు. అదే ఏడు మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. ధీ అనే గాయని, అరివు కలిసి పాడారు. సంతోష్ నారాయణన్ దాన్ని తయారు చేయించాడు. కోట్లమంది చూశారు.

ఎంజామి అంటే ఏంటో తెలుసా? 'ఎన్ సామి', నా సామి. కూలోడు దొర ముందు వంగి అన్న మాట. మన దగ్గర 'నీ బాంచెన్ దొరా' లేదూ, అట్లాంటిదే. ఆ మాటను దొర నోటి ముందు నుంచి లాగి, ముసలమ్మ తన మనవణ్ణి ముద్దుగా పిలిచే మాట చేశాడు. మీటింగుల్లో మేం పది గంటలు మాట్లాడినా చేయలేని పని.

ఇక విజయం సంగతి. 2021 ఆగస్టులో 'రోలింగ్ స్టోన్ ఇండియా' పత్రిక ఆ పాటనూ, అరివే రాసిన ఇంకో పాటనూ పొగుడుతూ అట్ట మీద బొమ్మలేసింది. ధీ బొమ్మ ఉంది, ఇంకో గాయకుడి బొమ్మ ఉంది, అరివు బొమ్మ లేదు. రంజిత్ గట్టిగా అడిగాక, గొడవయ్యాక, తర్వాత వేరే అట్ట మీద వేశారు. 2022 జూలైలో మద్రాసులో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట మోగింది, అరివు మాత్రం లేడు. నేనే రాశాను, నేనే బాణీ కట్టాను, నిద్రలేని రాత్రులు గడిపాను అని అతను బహిరంగంగా రాసుకోవాల్సొచ్చింది. అతను అప్పుడు అమెరికాలో ఉన్నాడనీ, బాణీ అందరిదీ అనీ అవతలివాళ్ళన్నారు. ఎవరి పాలెంతో తీర్పు చెప్పటానికి నేను రాలేదు. నా ప్రశ్న ఒకటే: జారిపోయే బొమ్మ ఎప్పుడూ మన బొమ్మే ఎందుకవుతుంది? ఇంకో ముచ్చట వినండి. ఆ పాట మీద ముగ్గురికీ పైసా ఆదాయం అందలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణనే చెప్పాడు. కోట్లమంది చూసిన పాట!

అరివు మూల కూర్చుని ఏడవలా. 'అంబస్సా' అని సొంత బ్యాండు కట్టాడు. 2024లో 'వల్లియమ్మ పేరాండి' ఆల్బం తెచ్చాడు, వల్లియమ్మ మనవడు అని. ముసలమ్మ పేరునే అట్ట మీదికి ఎక్కించాడు.

మన దగ్గరికొద్దాం. మీ పాటను రికార్డింగోడు వచ్చి ఫోన్లో ఎక్కించుకుంటాడు. ఆర్నెల్లకి అది 'జానపదం' అని వస్తది, మీ పేరుండదు. 1957 కాపీరైటు చట్టంలో 57వ సెక్షనుంది: రాసినవాడి పేరు రాసినవాడిదే, పాట అమ్ముకున్నా ఆ హక్కు పోదు. 2012 సవరణ ప్రకారం పాట రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ రాయల్టీ వాటాని వదులుకుంటూ సంతకం పెట్టినా అది చెల్లదు. సినిమా హాల్లో ఆడే సినిమాకి మాత్రం ఇది వర్తించదు. పాట మీదని చెప్పడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రుజువు మాత్రం ఉండాలి. కాబట్టి చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు.

అవ్వల దగ్గర నేర్చుకున్న పాటలుంటే అవి నా సొంతం అనొద్దు, ఫలానా అవ్వ నేర్పింది, ఫలానా ఊరు అని చెప్పండి. రాత్రి బువ్వలు తిన్నాక నేను నోటుబుక్కు తెస్తాను. ఎవరి పాట వాళ్ళు చెప్పండి, పేరు, ఊరు, తేదీ వేసి రాసుకుందాం. రాయటం రానోళ్ళకి మన చదువుకునే పిల్లలు రాసిపెడతారు. జై భీమ్.