నంబరు ఏది? తేదీ ఏది?
(పోచంపల్లిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాను. ఆఫీసుకు ఏ కాగితం వచ్చినా ముందు మూడు చూసేవాళ్లం: నంబరు, తేదీ, సంతకం. ఆ మూడూ లేకపోతే అది ఆకాశరామన్న ఉత్తరం. దాన్ని నమ్మి ఎవరి మీదా చర్య తీసుకునేవాళ్లం కాదు. రిటైరైన నాడు కప్పిన శాలువాతోపాటు ఆ అలవాటును కూడా మనం మడతపెట్టి బీరువాలో పెట్టేశాం.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడంటే నేనూ చెంచా పట్టుకొని వరుసలో నిలబడ్డాను. శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలు పెట్టి, అవి విగ్రహం మీదుగా పలుచగా కిందికి జారుతున్నాయని చూపించారు. ఆనాడు నాకు పోయింది చెంచాడు పాలే.

2018 మే నెలలో అలా కాలేదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని సెల్‌ఫోన్లలో వార్త వచ్చింది. నేను వెంటనే బంధువులందరికీ పంపాను. మా మనవడు, "తాతా, ఇది ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు. "అందరూ అంటుండ్రు రా" అన్నాను. ఆ నెలలోనే మన యాదాద్రి భువనగిరి జిల్లాలో, చుట్టాల ఊరికి వచ్చిన ఒక ఆటో డ్రైవరును దొంగ అనుకొని జనం కొట్టి చంపారు. నేను పంపిన ముక్క ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ రోజుల్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపి, పాటలతో, డప్పులతో ఆ పుకారును ఆపించారు.

అన్నీ అబద్ధాలేనని కొట్టిపారేయమని నేను చెప్పడం లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన పింఛనులో సగం ఆపుతారన్నారు. మార్చి చివరలో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, అది నిజం. ఏప్రిల్‌లో కేంద్రం తన పెన్షనర్లకు 20 శాతం కోత పెడుతోందన్నారు. కేంద్ర ఆర్థిక శాఖే అది అబద్ధమని ప్రకటించింది. రెండూ ఒకే ఫోన్‌లో, ఒకే రకంగా వచ్చాయి. తేడా తెలిపింది ఉత్తర్వు ఒక్కటే.

అంకెల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 1951 ఏప్రిల్ 18న ఈ ఊళ్లో హరిజనులు వినోబా గారిని అడిగింది 80 ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి గారు ఇస్తానన్నది 100 ఎకరాలు. తరువాత దేశమంతటా లక్షల ఎకరాల భూదానం జరిగిందంటారు. దానమని ప్రకటించింది ఒక కాలం, పేదల చేతికి అందింది వేరొక కాలం. మొదటి కాలం మొత్తాన్ని రెండో కాలంలో వేస్తే అది అబద్ధపు లెక్కే అవుతుంది. రిజిస్టర్లు రాసిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కర లేదు.

సోదర సోదరీమణులారా, మన మాటకు ఇంట్లో విలువ ఉంది. "పెద్దాయన పంపిండు" అని పిల్లలు నమ్ముతారు. కనుక ఏ వార్త అయినా ముందుకు పంపే ముందు ఆ పాత గుమాస్తాను ఒకసారి నిద్ర లేపండి. నంబరు ఏది, తేదీ ఏది, సంతకం ఎవరిది అని అడగండి. జవాబు రాకపోతే ఆ ఫైలు మన బల్ల మీదనే ఆగిపోనీయండి.